ఆరో వార్డులో లోటు భర్తీ

గెడ్డవలస ఆరో వార్డులో తొంభై నలుగురు ఓటర్లుండేవారు. మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున్న పదకొండు గంటలకి ఒక్కరూ లేకుండా పోయారు. ఎవరూ చావలేదు. ఎవరూ ఊరొదిలి పోలేదు. ఆ వేళకి ఆడవాళ్లంతా షెడ్డులో జీడిపిక్కలు కొడుతున్నారు. మగవాళ్లలో కొందరు బస్తాలు మోస్తున్నారు, మిగిలినవాళ్లు మోసేవాళ్లకి సలహాలు చెబుతున్నారు. తాము ఓటర్లు కాకుండా పోయిన సంగతి వాళ్లకి సాయంత్రందాకా తెలియలేదు. ఒంట్లో ఎక్కడా నొప్పి కూడా పుట్టలేదు.

ముందుగా తెలిసింది దమయంతికి. ఆమె ఆ వార్డు అంగన్‌వాడీ టీచరు. పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి పెట్టడం, బరువులు తూచడం ఆమె పని. ఆ పని చేస్తున్నవాళ్లకి తీరిక ఎక్కువని ప్రభుత్వానికి ఎప్పటినుంచో అనుమానం. అందుకని వార్డు ఓటర్ల జాబితా కూడా ఆమెకే అప్పజెప్పారు. పంచాయతీ ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయనగా, జాబితా పట్టుకుని మండలాఫీసుకి రమ్మని కబురొచ్చింది.

జిల్లానుంచి ప్రత్యేకాధికారి వచ్చారు. పేరు విశ్వపతి. ఎన్నికల పదశుద్ధి విభాగమని కొత్తగా ఒకటి పెట్టి, ఆయన్ని దానికి పెద్దని చేశారు. ఎన్నికల్లో అక్రమాలన్నిటికీ మూలం మాటల్ని అజాగ్రత్తగా వాడటమేనని ఆ విభాగం తొలి సమావేశంలోనే తేల్చింది. రెండో సమావేశం జరగలేదు. అవసరం పడలేదు.

"ఓటరు అనగానెవరు?" అన్నారు విశ్వపతి, కుర్చీలో కూర్చోకుండానే.

గుమాస్తా సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "జాబితాలో పేరున్నవారండి."

"శుభలేఖలో పేరున్నవాళ్లంతా పెళ్లికొడుకులేనా?"

సన్యాసిరావు కాదని ఒప్పుకుని కూర్చున్నాడు.

విశ్వపతి ఉత్తర్వు చదివారు. "ఓటు వేసి, తత్ఫలితముగా ఎడమచేతి చూపుడువేలిపై చెరగని గుర్తు కలిగియున్నవారే ఓటరు. గుర్తు లేనివారు సర్వవిధముల అర్హులైనప్పటికీ ఓటరుకాదగువారు అని మాత్రమే వ్యవహరింపబడవలెను. ఓటరుకాదగువారిని ఓటర్ల జాబితాలో చేర్చుట పదద్రోహముగా పరిగణించబడును."

దమయంతి సభల్లో మాట్లాడే మనిషి కాదు. కాని ఆమె చేతిలో తొంభై నాలుగు పేర్లున్నాయి. మెల్లగా చెయ్యెత్తింది.

"మా వీధిలో కిందటిసారి అందరూ ఓటేశారండి."

"గుర్తు ఉన్నదా?"

"ఐదేళ్లయిందండి."

"గుర్తు పోయినది. గుర్తుతోపాటు ఓటరుతనమూ పోయినది. నిరుడు జ్వరం వచ్చినవాణ్ణి ఇవాళ జ్వరపీడితుడు అనము కదా."

"మరి ఓటేస్తేగాని గుర్తు పడదు కదండీ. జాబితాలో పేరు లేకపోతే ఓటెలా వేస్తారు?"

విశ్వపతి ఆమెవైపు జాలిగా చూశారు. "అమ్మా, అది అమలు దశకు చెందిన విషయము. మనమిప్పుడు నిర్వచన దశలో ఉన్నాము."

దమయంతి ఎర్రసిరా పెన్ను తీసుకుని కొట్టివేయడం మొదలుపెట్టింది. నలభై ఒకటో నంబరు దగ్గర తన పేరు వచ్చింది. దాన్నీ కొట్టేసింది. విశ్వపతి జాబితా అందుకుని, వెలుతురుకేసి పట్టి చూశారు.

"శుద్ధమైన జాబితా అంటే ఇది. అనర్హుడు ఒక్కడైనా ఉన్నాడేమో చూపించండి!"

ఎవరూ చూపించలేకపోయారు.

"మరి పోటీ చేసేవాళ్లో సార్?" అన్నాడు సన్యాసిరావు.

"అభ్యర్థి అను పదము రెండో విడతలో శుద్ధి అగును. అంతవరకు పాత అర్థమే చెల్లును."

ఆ విధంగా ఆరో వార్డుకి ఇద్దరు అభ్యర్థులు, సున్నా ఓటర్లు మిగిలారు.

*

ఆ ఇద్దరిలో ఒకామె తవిటమ్మ. దమయంతికి మేనత్త. నలభై ఏళ్లుగా పిక్కలు కొడుతోంది. రెండోవాడు లోకనాథం. షెడ్డు యజమాని బావమరిది, మూడు దఫాలుగా వార్డు సభ్యుడు.

వాళ్లిద్దరి మధ్య ఉన్న తగువు కొళాయి. మంచినీళ్ల గొట్టం ఊరంతా తిరిగి వచ్చి లోకనాథం గుమ్మం ముందు ఆగిపోయింది. అక్కణ్ణించి పిక్కలు కొట్టేవాళ్లుండే జీడివీధికి రెండొందల గజాలు. ఆ రెండొందల గజాలూ రావడానికి గొట్టానికి పదిహేనేళ్లు చాల్లేదు. పిక్క తొక్కలో ఉండే జీడినూనె చర్మం మీద పడితే కాలుతుంది. చేతులకి బూడిద రాసుకుని పని చేసినా సాయంత్రానికి వేళ్లు నల్లబడి మండుతుంటాయి. ఆ చేతుల్తో పిల్లల్ని ముట్టుకోకూడదు, అన్నం కలపకూడదు. కడుక్కోవాలంటే ఊరవతల బోరింగుదాకా నడవాలి. ఈసారి వీధి వీధంతా కలిసి తవిటమ్మని నిలబెట్టింది అందుకే.

దమయంతి షెడ్డుకి వెళ్లి విషయం చెప్పింది. కొట్టే చప్పుడు ఆగింది.

"ఏటే, మనం ఓటర్లం కామా?" అంది తవిటమ్మ.

"కామత్తా. కాదగినవాళ్లం."

"కాదగినవోలం, ఓటర్లం ఎప్పుడవుతాం?"

"ఓటేశాక."

"ఓటెప్పుడేత్తాం?"

"ఓటర్లయ్యాక."

తవిటమ్మ చేతిలో పిక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒలే దమ్మీ, నువ్వు పదో తరగతి సదివినావు. నాను సదవలేదు. నీకు ఇది తెలిసినాదేటి?"

"లేదత్తా."

"అయితే నాకు తెలీపోడం తప్పుగాదు," అని మళ్లీ పిక్క కొట్టింది.

పక్కన కూర్చున్న గున్నమ్మ అంది, "మనకి ఓటు లేకపోతే ఆ లోకనాథానికీ లేదు కదప్పా. ఇద్దరికీ సున్నాయే."

అక్కడే ఆమె పొరపడింది. లోకనాథం తెల్లవారేసరికి ఎడమ చూపుడువేలి మీద నిగనిగలాడే గీతతో ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు. ఎక్కడ ఓటేశావని అడిగితే, "ఓటు రహస్యం సార్" అన్నాడు. విశ్వపతికి ఆ జవాబు బాగా నచ్చింది. జాబితాలో ఒకటో నంబరుగా అతని పేరు రాయించారు. ఆరో వార్డులో ఇప్పుడు ఒకే ఒక్క ఓటరు. అతనే అభ్యర్థి కూడా. తనకి తాను ఓటేసుకుంటే ఒకటి, తవిటమ్మకి సున్నా. ఏకపక్ష విజయం.

"అభ్యంతరములున్నచో శుక్రవారములోగా తెలుపవలెను," అని గోడకి కాగితం అంటించారు.

*

శుక్రవారం పొద్దున్న దమయంతి మేనత్తని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. తోవంతా ఆమె తవిటమ్మ చేతులే చూస్తూ నడిచింది. చిన్నప్పుడు తనవీ అలాగే ఉండేవి. బళ్లో పలక కింద దాచుకునేది. నోటుపుస్తకం మీద నల్లటి వేలిముద్రలు పడితే మేష్టారు బయట నిలబెట్టేవారు. సబ్బుతో, చింతపండుతో, ఇసుకతో తోముకునేది. పోయేది కాదు. చర్మం ఊడి కొత్తది వస్తేగాని పోని నలుపు అది.

"సార్, ఈమెకీ గుర్తుందండి," అంది.

తవిటమ్మ రెండు చేతులూ బల్లమీద పెట్టింది. పదివేళ్లూ నల్లగా ఉన్నాయి.

విశ్వపతి కళ్లజోడు సవరించుకున్నారు. "చూపుడువేలుకు ఉన్నది. మిగిలిన తొమ్మిదింటికి ఎందుకున్నది?"

"ఆటికీ పనుంది బాబూ," అంది తవిటమ్మ.

"ఇది జీడినూనె సార్!" అన్నాడు లోకనాథం. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చాడు. "సిరా కాదు. మోసం!"

విశ్వపతి ఉత్తర్వు తీసి మరోసారి చదివారు. సిరా అన్న మాట అందులో లేదు. చెరగని గుర్తు అని మాత్రమే ఉంది. ఉత్తర్వులో లేని మాటని చేర్చడం ఆయన దృష్టిలో పదద్రోహం కన్నా పెద్ద నేరం.

"గుర్తు చెరగనిదై ఉండవలెను. అంతే. పరీక్షింపుడు."

సన్యాసిరావు బకెట్టుతో నీళ్లు, బట్టలసబ్బు తెచ్చాడు. తవిటమ్మ చూపుడువేలు పావుగంట తోమాడు. సబ్బు నల్లబడింది, వేలు తెల్లబడలేదు. నిమ్మచెక్క రాశాడు. కిరసనాయిలు పోశాడు. ఇటుకముక్క అందుకోబోతే తవిటమ్మ చెయ్యి లాక్కుంది.

"నా వేలు నాకుండనీ నాయనా. కొళాయి తిప్పాల."

"చెరగనిది," అని విశ్వపతి రాసుకున్నారు. తర్వాత లోకనాథం వైపు తిరిగారు. "తమ వేలు?"

"నాది నిన్ననే నమోదైపోయింది కదండీ!"

"పరీక్ష అందరికీ సమానము."

తడిగుడ్డ ఒక్కసారి తగిలేసరికి లోకనాథం ఓటరుతనం గుడ్డలోకి వచ్చేసింది. వేలు పెళ్లికొడుకు వేలిలా తెల్లగా మిగిలింది. అతని పేరు కొట్టేసి, ఆ పైన తవిటమ్మ పేరు రాశారు. సాయంత్రంలోగా షెడ్డులోని ఆడవాళ్లంతా వరసగా వచ్చి చేతులు చూపించారు. మొత్తం అరవై ఎనిమిదిమంది. వాళ్లలో ఎవరి వేలూ ఓడిపోలేదు.

*

శనివారం పొద్దున్న షెడ్డులో ఎన్నడూ లేని వింత జరిగింది. యజమాని రబ్బరు చేతితొడుగులు పంచాడు.

తొడుగులు కావాలని ఆడవాళ్లు పన్నెండేళ్లుగా అడుగుతున్నారు. బస్తా లెక్కన బూడిద ఇస్తున్నాను కదా, ఇంకా తొడుగులెందుకు అనేవాడు. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండేసి జతలు, దానితోపాటు కొబ్బరినూనె సీసా, వాసనసబ్బు. పైగా వారంరోజులు విశ్రాంతి తీసుకోండని బతిమాలాడు. కొత్త చర్మం రావడానికి ఎన్నాళ్లు పడుతుందో అతను పట్నం డాక్టరుని అడిగి తెలుసుకున్నాడని తర్వాత తేలింది.

గున్నమ్మ తొడుగుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఎంత మెత్తగున్నాయే తవిటప్పా! పన్నెండేళ్లు అడిగినాం. ఇప్పుడిచ్చినాడు, ఇప్పుడేమో తొడుక్కోకూడదు."

"దాసుకోండి," అంది తవిటమ్మ. "ఓట్ల మర్నాడు తొడుక్కుందాం. అడిగితే తిరిగివ్వకండి."

మిగిలిన పాతికమందికీ గుర్తు లేదు. వాళ్లు బస్తాలు మోసే మగవాళ్లు, ముసలివాళ్లు, దమయంతి. ఆదివారం మధ్యాహ్నం మగవాళ్లు ఒక్కొక్కరే తలదించుకుని షెడ్డులోకి వచ్చి పీటల మీద కూర్చున్నారు. ఆ షెడ్డు పెట్టాక పిక్క కొట్టడానికి మగవాడు కూర్చోవడం అదే మొదలు. అది ఆడవాళ్ల పని, సుఖమైన పని, నీడపట్టున కూర్చుని చేసే పని అని వాళ్లకి గట్టి నమ్మకం. గంట గడిచేసరికి గున్నమ్మ మొగుడు వేళ్లు ఊదుకుంటూ లేచాడు.

"ఏటే ఇది, నిప్పులాగుంది! రోజూ ఇలగే మండుతాదేటి?"

"ఈ రోజు తక్కువ," అంది గున్నమ్మ.

అతను కూర్చుని మళ్లీ కొట్టాడు. దమయంతి కూడా ఒక పీట లాక్కుంది. పదోతరగతి పాసైన రోజున ఇంకెప్పుడూ పిక్క ముట్టనని ఆమె ఒట్టేసుకుంది. మొదటి దెబ్బకే చెయ్యి పాత వాటం గుర్తు తెచ్చుకుంది. సాయంత్రానికి చూపుడువేలు నల్లబడింది. ఈసారి దాన్ని దాచుకోవాలనిపించలేదు.

వేళ్లు చూపించి పాతికమందీ జాబితాలో చేరారు. లోకనాథం పేర్ల నమోదుకి ఆఖరిరోజున చాటుగా షెడ్డుకి వచ్చాడు. ఎడమ చూపుడువేలు ఒక్కటే బయటికి పెట్టి, మిగిలిన చెయ్యంతా తువ్వాలుతో చుట్టి, తొక్కల గిన్నెలో వేలు ముంచాడు. మునిగింది వేలే గాని అరుపు వీధి చివరిదాకా వినిపించింది. వేలు బొబ్బలెక్కింది. కట్టు కట్టారు. విశ్వపతి కట్టుని పరీక్షించి, "గుర్తు ఉండవచ్చును, కనబడుటలేదు" అని రాశారు. ఆ విధంగా ఆరో వార్డులో ఓటర్లు తొంభై ముగ్గురు, ఓటరుకాదగువారు ఒకరు అయ్యారు.

*

పోలింగు రోజున బడి తలుపు తీసేసరికి తవిటమ్మ వరసలో మొదట నిలబడి ఉంది. వెనక తొంభై ఒక్కమంది. లోపల విశ్వపతి స్వయంగా కూర్చున్నారు. ఆయన ఎదుట బ్యాలెట్ కాగితాల కట్ట, సిరాబుడ్డి, తాళం వేసిన పెట్టె ఉన్నాయి. ఒక మూల బల్ల దగ్గర దమయంతి పేర్లు టిక్కులు పెట్టడానికి కూర్చుంది.

"వేలు," అన్నారు విశ్వపతి.

తవిటమ్మ చూపించింది.

"గుర్తు ఉన్నది. తమరు ఓటు వేసియున్నారు. వెళ్లవచ్చును."

"నానింకా ఎయ్యలేదు బాబూ."

"వేయకపోతే ఓటరు ఎట్లయినారు?"

"మీరే రాసినారు కద!"

"రాసినాము. తమరు ఓటరు. ఓటరు అనగా ఓటు వేసినవారు. వేసినవారికి మరల కాగితము ఇచ్చుట దొంగ ఓటు. నేను జైలుకు పోయెదను, తమరూ పోయెదరు."

"ఎప్పుడేసినాను? ఎవుడికేసినాను?"

"అది నేను అడుగరాదు. ఓటు రహస్యము."

తవిటమ్మ వెనక్కి తిరిగి వరసలో వాళ్లకేసి చూసింది. "ఒలే, మనమంతా ఓటేసీసినామట!"

"ఎవుడికప్పా?" అన్నారు వెనకనుంచి.

"మనకి సెప్పకూడదట."

వరస కదల్లేదు. ఎండెక్కింది. విశ్వపతి మాత్రం తృప్తిగా జిల్లాకి ఫోను చేశారు. "ఆరో వార్డులో ఏడు గంటల ఒక నిమిషమునకే నూరు శాతము పోలింగు." అవతలినుంచి అభినందనలు అందాయి. చరిత్రలో ఇంతవరకు ఇలాంటిది లేదన్నారు. ఇంతలో లోకనాథం వచ్చాడు. వేలికి కట్టు ఉంది గనక అతను ఓటరు కాడు. ఓటరు కాడు గనక అతనికీ కాగితం లేదు. అయినా అతను సంతోషంగానే ఉన్నాడు. ఎవరికీ ఓట్లు రాకపోతే పాత సభ్యుడే కొనసాగుతాడని ఎక్కడో చదివాడట. అరుగుమీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

మధ్యాహ్నం మూడయ్యింది. రెండు గంటల్లో తలుపులు మూస్తారు. దమయంతి అందరి ముఖాలూ చూసింది. తొడుగులు దాచుకుని, బొబ్బలెక్కించుకుని, కూలి మానుకుని వచ్చి నిలబడ్డ ముఖాలు. వాదిస్తే విశ్వపతి వినరని ఆమెకి అర్థమైంది. ఆయన వినేది ఫారాల మాటే. ఆమె ఆఖరి నివేదిక ఫారం తీసి, గళ్లు నింపడం మొదలుపెట్టింది.

"సార్, ఓటు వేసినవారు తొంభై ముగ్గురని రాశానండి."

"సరి."

"పెట్టెలో ఉన్న ఓట్లు అని ఒక గడి ఉందండి."

విశ్వపతి పెట్టెని ఎత్తి ఊపి చూశారు. చప్పుడు రాలేదు. "సున్న."

"రాశానండి. తేడా తొంభై మూడు. దాని కింద, తేడాకు బాధ్యులైన అధికారి సంతకం అని ఉందండి." ఫారం ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి పక్కన ఉంచింది.

విశ్వపతి పెన్నుకేసి తేలుని చూసినట్టు చూశారు. జీవితంలో మొదటిసారిగా ఆయనకి నిర్వచన దశనుంచి అమలు దశ కనిపించింది. తొంభై మూడు ఓట్లు వేయబడ్డాయి, ఒక్కటీ పెట్టెలో లేదు. పెట్టెకి తాళం ఉంది. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

"ఇట్టి తేడాలకు... మీ దగ్గర ఏమి చేయుదురమ్మా?" గొంతు తగ్గింది.

"మాకు గుడ్లలో వారం వారం వస్తుందండి. రిజిస్టరులో నలభై ఉంటాయి, అట్టలో ముప్ఫై ఏడు ఉంటాయి. దారిలో పగిలిపోతాయి. లోటు భర్తీ అని కాగితం రాస్తాం. సూపర్‌వైజరుగారు సంతకం పెడితే తగ్గిన గుడ్లు ఇచ్చేస్తారు. లెక్క సరిపోతుందండి."

"లోటు భర్తీ." ఆ మాట ఆయన నోట్లో చప్పరించి చూసుకున్నారు. "మంచి పదము. శుద్ధమైన పదము. ఎవరిచేత భర్తీ చేయింపవలెను?"

"ఎవరి పేరున తగ్గితే వాళ్లచేతేనండి."

"అది ఓటు వేయుట కాదు గదా?"

"కాదండి. వేసిన ఓటుని పెట్టెలో చేర్చడం అండి."

ఆయన సంతకం పెట్టారు. తేదీ కూడా వేశారు. మూడూ పదికి వరస కదిలింది. ఒక్కొక్కరూ వచ్చారు, కాగితం తీసుకున్నారు, తెర వెనక్కి వెళ్లి లోటు భర్తీ చేసి వచ్చారు. గున్నమ్మ మొగుడు తెర వెనకనుంచి, "ఎవుడికి భర్తీ సెయ్యాల?" అని అరిచాడు. "రహస్యం!" అని వరసంతా ఒక్కసారిగా అరిచింది. లోకనాథం విసనకర్ర పడేసి లోపలికి పరుగెత్తాడు. "నాకూ లోటుంది సార్!" అన్నాడు. విశ్వపతి ఫారం చూశారు. "తమరి పేరున ఏమియూ తగ్గలేదు."

ఐదుకి తలుపులు మూసి లెక్కపెట్టారు. తవిటమ్మకి అరవై నాలుగు. లోకనాథానికి ఇరవై ఏడు; అవెవరివో రహస్యం. రెండు కాగితాల మీద జీడినూనె వేలిముద్రలు అంతటా పడి చెల్లకుండా పోయాయి. తేడా సున్న. విశ్వపతి చెమట తుడుచుకున్నారు. ఆ నెలలోనే ఆయనకి పెద్ద పదవి వచ్చిందని ఊళ్లోవాళ్లు విన్నారు.

*

పంచాయతీ తొలి సమావేశంలో తవిటమ్మ కొళాయి అడిగింది. కార్యదర్శి రికార్డు తిరగేసి, "మీ వీధికి కొళాయి ఎనిమిదేళ్ల కిందటే వేసేశారమ్మా. ఇదిగో, పూర్తయిందని లోకనాథంగారి సంతకం" అన్నాడు.

తవిటమ్మ దెబ్బలాడలేదు. కొంగుముడి విప్పి, దమయంతి రాసిచ్చిన కాగితం తీసి బల్లమీద పెట్టింది. రికార్డులో కొళాయి ఒకటి. వీధిలో సున్న. తేడా ఒకటి. తేడాకు బాధ్యులైన అధికారి సంతకం. దాని ఎదురుగా ఖాళీ గడి.

కార్యదర్శి ఆ గడి ముట్టకుండా గొట్టాల మేస్త్రీకి కబురు పెట్టాడు.

గొట్టం ఆ రెండొందల గజాలూ పదకొండు రోజుల్లో వచ్చింది. నీళ్లు వదిలిన సాయంత్రం వీధంతా చుట్టూ మూగింది. మొదట తవిటమ్మ తిప్పింది. చల్లటి నీళ్లు ధారగా పడ్డాయి. చేతులు చాలాసేపు కింద పెట్టుకుని నిలబడింది. మంట తగ్గింది. నలుపు మాత్రం అలాగే ఉంది.

"సబ్బు తెమ్మంటావేటత్తా?" అంది దమయంతి. "యజమాని ఇచ్చిన వాసనసబ్బుంది కదా."

తవిటమ్మ పదివేళ్లూ ఎండకేసి పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"వద్దే. మళ్లీ ఓట్లొచ్చిందాకా ఉండనీ."